కళ్ళు తెరవని దేవదూతతో అల్ ఐన్ దాకా

దుబాయ్ వెళ్ళొచ్చానని చెప్పగానే అందరూ ముందు బంగారం సంగతి అడుగుతారు. తర్వాత ఎత్తైన మేడల సంగతి. బంగారం కొట్ల ముందు నుంచి వెళ్ళానే గాని లోపలికి అడుగు పెట్టలేదు. మేడలు కూడా సరిగా చూడలేదు. వాటి మధ్య నుంచి పోతున్నప్పుడు నా ఒళ్ళో ఒక రాక్షసుడి తల ఉంది. అది జారి పడకుండా పట్టుకోవడంతోనే నాకు సరిపోయింది. ఆ ప్రయాణం సంగతి అడిగినవాళ్ళెవరూ లేరు కాబట్టి నేనే రాస్తున్నాను.

నేను భీమవరంలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. మాట్లాడకుండా ఉండటం అక్కడ ఉద్యోగంలో భాగం. అందుకని నాకు బాగా కుదిరింది. మా అక్క, బావ రాస్ అల్ ఖైమాలో ఉంటారు. బావ ఒక చెక్కపని కంపెనీలో ఫోర్‌మన్. రెండు వేల ఏడు చలికాలంలో విజిట్ వీసా మీద వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. మా ఇద్దరికీ కలిపి మాటలు ఎన్ని రాసిపెట్టి ఉన్నాయో అన్నీ అక్కే మాట్లాడేస్తుంది.

రాస్ అల్ ఖైమా: మీసం ఉన్నవాడు కింద

బావ పనిచేసే చోట సోఫాలు, తలుపులు, వంటింటి బీరువాలు తయారవుతాయి. కొండలు తవ్విన దుమ్ము, రంపపు పొట్టు కలిసి అక్కడి గాలికే ఒక రంగు వచ్చింది. ఆ బీరువాల మధ్య, పాత దుప్పట్లు పరిచిన బల్ల మీద, మనిషంత దేవదూత వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

చూడగానే గుర్తుపట్టాను. నేను చదివిన కాన్వెంటు బడిలో మెట్ల మలుపు దగ్గర ఆయన పటం ఉండేది. సంత మైకేలు, సైతానుని కాలితో తొక్కి ఈటెతో పొడిచే దేవదూత. ఇలాంటి చెక్క విగ్రహాల బొమ్మలు మా లైబ్రరీలో ఒక పెద్ద పుస్తకంలోనూ చూశాను. మూడు, నాలుగు వందల ఏళ్ళ కిందట ఐరోపాలో చెక్కినవి. బరోక్ శైలి అంటారట. అందులో ఏదీ ఊరికే నిలబడి ఉండదు. బట్టలు గాలికి ఎగురుతుంటాయి, జుట్టు సుళ్ళు తిరుగుతుంటుంది, మోకాళ్ళు కూడా ఏదో చెప్పబోతున్నట్టు ఉంటాయి. ఈ మైకేలు కూడా అంతే. గాలిలేని షెడ్డులో పడుకుని కూడా ఆయన అంగీ ఎగురుతోంది. కవచానికి ఎవరో పెద్దాయన సోఫాకి వేయగా మిగిలిన బంగారు రంగు పూశారు. కళ్ళ చోట మాత్రం ఏమీ లేదు. గుడ్ల మీద ఉలి తగలనే లేదు.

చెక్కినది మునిరత్నం ఆచారి గారు. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాల ఆయనది. ఆ ఊళ్ళో తరతరాలుగా చెక్కతో దేవుళ్ళని చెక్కుతారు. ఆయన నన్ను చూడగానే అడిగిన మొదటి మాట ఇది.

"పాపా, పెండ్లి అయిందా?"

నేను నేల చూశాను. అక్క ముందుకు వచ్చింది. "ఇంకా లేదండి, చూస్తున్నాం."

"మంచిది మంచిది. అయితే పని జరిగిపోతాది."

అక్క మొహం వెలిగిపోయింది. "అబ్బాయి ఏం చేస్తాడండీ?"

"అబ్బాయి కాదమ్మా. అమ్మోరు." దేవదూతని చూపించారు.

అన్ని విగ్రహాల్నీ ఆయన అలాగే పిలుస్తారేమో అనుకున్నాను. అడిగే ధైర్యం నాకు లేదు.

సంగతి ఏమిటంటే, ఆచారి గారు విగ్రహానికి కళ్ళు చివర్నే తెరుస్తారు. పీఠం మీద నిలబెట్టాకే. అప్పటిదాకా అది ఒట్టి కొయ్య. కళ్ళు తెరవగానే మొదటి చూపు పడటానికి ఎదురుగా అద్దం, ఆవు, కన్నెపిల్ల ఉండాలి. అద్దం దొరికింది. ఆవు సంగతి తర్వాత చూద్దామన్నారు. కన్నెపిల్ల విజిట్ వీసా మీద దిగింది.

ఈ విగ్రహం అల్ ఐన్‌లో ఒక చర్చికి వెళ్ళాలి. రోజీ ఆంటీ అనే గోవా ఆవిడ చనిపోయిన భర్త పేరు మీద చేయిస్తోంది. తన ఊరి చర్చిలోని పాత విగ్రహాన్ని ఫోటో తీయించి పంపింది. శుక్రవారం పూజకి అక్కడ నిలబెట్టాలి. ఆవిడ చూసి సరే అంటేనే ఆచారి గారికి సెలవు. కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, ఆ మాట తెగేసి చెప్పాడట. ఆచారి గారు ఇంటి మొహం చూసి నాలుగేళ్ళయింది. శనివారం విమానం. ఆవిడ వద్దంటే విమానం పోతుంది, మళ్ళీ చెక్కాలి.

కాళ్ళ కింద రాక్షసుణ్ణి విడిగా చెక్కారు. దాని మొహానికి గుబురు మీసం. అక్క వంగి చూసి, "మా ఆయన పోలికే," అంది. బావ దగ్గరికి వచ్చి చూసి, తన మీసం తడుముకుంటూ వెళ్ళిపోయాడు.

షార్జా దాటే దాకా: సలాములు

బుధవారం బయల్దేరాం. బండి ఖాదర్ అన్నది, వెనక ట్రాలీ ఉన్న పికప్. ఆయనది నెల్లూరు జిల్లా ఉదయగిరి. "మా ఊళ్ళో గూడా కొయ్య చెక్కుతారు చెల్లెమ్మా, గరిటెలు. ఆటికి కళ్ళు తెరిచే తంటా లేదు," అన్నాడు. ముందు సీట్లో ఆయన, ఆచారి గారు. వెనక సీట్లో అక్క, నేను, రాక్షసుడు. రాక్షసుడి మొండెం కాళ్ళ దగ్గర పెట్టి తల నా ఒళ్ళో పెట్టారు, మీసం విరిగిపోతుందని.

దేవదూతని ట్రాలీలో వెల్లకిలా పడుకోబెట్టి దుప్పటి కప్పారు. దుప్పటి చాలలేదు. పాదాలు బయట ఉండిపోయాయి. చాలా అందమైన పాదాలు, వేళ్ళకి గోళ్ళు కూడా చెక్కారు.

కాసేపటికి మాకు దారి దొరకడం మొదలైంది. ఎప్పుడూ దారి ఇవ్వని పెద్ద లారీలు పక్కకి తప్పుకున్నాయి. ఒక కారాయన మమ్మల్ని దాటకుండా వెనకే నెమ్మదిగా వచ్చాడు. పెట్రోలు బంకులో పఠాన్ ముసలాయన ఒకడు ట్రాలీ చూసి, పైపు పక్కన పెట్టి, రెండు చేతులూ ఎత్తి దువా చదివాడు. ఆ తర్వాత ఖాదర్ అన్న భుజం తట్టాడు.

"అరే భాయ్, లకడీ హై, లకడీ!" అన్నాడు ఖాదర్ అన్న, అది ఒట్టి చెక్కేనని.

ముసలాయన తల ఊపాడు. చివరికి మనమందరం అంతే కదా అన్నట్టు ఊపాడు. మాకు టీ తెప్పించాడు. ఒక్కొక్కటి దిర్హమ్. ఆయన ఎంతకీ డబ్బులు తీసుకోలేదు.

"దుప్పటి లాగి పాదాలు కప్పొచ్చుగా," అంది అక్క.

"అప్పుడు తల బయట పడతాది," అన్నారు ఆచారి గారు. "కళ్ళు లేని తల చూస్తే ఇంకా దడుసుకుంటారు."

ఆ దేశంలో నాకు అన్నిటికన్నా నచ్చింది హోటళ్ళలో ఫ్యామిలీ గది. చుట్టూ తెర లాగేసుకుంటే మనం తినేది ఎవరికీ కనపడదు. మా లైబ్రరీలో నా బల్ల చుట్టూ అలాంటి తెర ఉంటే ఎంత బాగుండునో. షార్జాలో తెర వెనక కూర్చుని పెద్ద పళ్ళెంలో మందీ అన్నం తిన్నాం. మన బిర్యానీలా కారం ఉండదు. మాంసం మటుకు వేలితో తాకితే విడిపోతుంది. అక్క సంచిలోంచి ఆవకాయ తీసింది. వడ్డించే పిల్లవాడు ఆ వాసనకి తెర తీసి చూసి, పక్క కుర్చీలో పెట్టిన మీసాల తలని చూసి, తెర వేసేసి వెళ్ళిపోయాడు. బిల్లు వేరే ఆయన తెచ్చాడు.

ముసఫా: డేగ రెక్కలు

ఆ రాత్రి అబూ ధాబీ పక్కన మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో అక్క స్నేహితురాలి ఇంట్లో ఉన్నాం. అన్నీ కొత్త విల్లాలు, సగం ఇంకా కడుతున్నారు. తెల్లారి దగ్గర్లోనే ముసఫా వెళ్ళాం, రెక్కలు తెచ్చుకోవడానికి. రెక్కల పని బావ కంపెనీ వాళ్ళు అక్కడి ఇంకో షెడ్డుకి ఇచ్చారు. ఆ షెడ్డువాళ్ళు విల్లా గేట్లకి డేగ బొమ్మలు చేస్తారు. దేవదూత రెక్కలని చెబితే వాళ్ళకి అలవాటైన రెక్కలే చేశారు. గోధుమరంగు చారలు, కొసలు పదునుగా.

"వేటకి పోతున్నట్టుండాడు," అన్నాడు ఖాదర్ అన్న.

రెక్కలు సరిపోతాయో లేదో చూడటానికి దేవదూతని మొదటిసారి నిలబెట్టారు. నేను వెనక నిలబడి ఉన్నాను. ఎక్కడైనా నా చోటు వెనకే కదా. అప్పుడు చూశాను.

ముందువైపు సుళ్ళు తిరిగిన ఐరోపా జుట్టు. వెనక ఒక జడ. పొడుగాటి, లావాటి, మూడు పాయల జడ. నడుము దాటి కిందికి దిగి, చివర మూడు జడకుప్పెలతో పూర్తయింది. ప్రతి పాయలోనూ వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయి. అంత మంచి జడ నేను నిజం మనిషికి కూడా చూడలేదు.

అక్క చెవిలో చెప్పాను. అక్క ఏ మాటనీ చెవి దగ్గర ఆపదు.

"ఆచారి గారూ! ఈయన మగాడట కదండీ!"

ఆచారి గారు ఉలి తుడుచుకుంటున్నారు. "ఎవురు?"

"మీ అమ్మోరు!"

ఆయన లేచి ముందుకొచ్చి చూశారు. చాలాసేపు చూశారు. "మగాడా? మరి మీసం ఏదమ్మా? గడ్డం ఏది? పావడా కట్టుండాది. జుట్టు భుజాల మీదికి ఉండాది. కాలి కింద రాక్షసుడు, చేతిలో శూలం. ఎవురికి చూపించినా ఏమంటారు?"

నిజమే. మా బడిలో పటం చూసి ఉండకపోతే నేనైనా అదే అనుకునేదాన్ని.

"ఫోటోలో ముందువైపే కదా ఇచ్చినారు," అన్నారు. "వెనక ఏముండాదో నేనే చూసుకోవాల."

నాకు తెలిసిన ఒక్క సంగతి అప్పుడు చెప్పాను. చిన్నగా చెప్పినా అందరూ వినాల్సి వచ్చింది. ఐరోపాలో ఆ కాలపు శిల్పులు చాలామంది వెనకవైపు చెక్కేవాళ్ళే కారట. విగ్రహం గోడ గూట్లో ఉంటుంది కాబట్టి, చెక్క పగలకుండా వీపుని లోపలికి తొలిచేసేవారట.

ఆచారి గారు నా వైపు జాలిగా చూశారు. "వీపు లేకుండా దేవుడు ఎట్ల నిలబడతాడు పాపా?"

"అయ్యన్నీ ఎందుకు," అన్నాడు ఖాదర్ అన్న. "ఈడ కరెంటు రంపం ఉండాది. ఒక్క నిమిషం. జడ ఖలాస్."

ఆచారి గారు విగ్రహానికీ రంపానికీ మధ్య నిలబడ్డారు. "జడా వీపూ ఒకే దుంగ. జడ తీస్తే వీపు గూడా వస్తాది. అయినా ఆడబిడ్డ జుట్టు తీసేది తిరపతిలోనే, ఇట్లా షెడ్డులో కాదు."

"ఆడబిడ్డ కాదని చెప్తున్నాంగా!" అంది అక్క.

"అది మీకు తెలిసి ఒక గంట కాలేదు. నేను ఆర్నెల్లు అమ్మోరనుకుని చెక్కినా. ఆ లెక్క ఏమయ్యేది?"

బావకి ఫోన్ చేసి తిట్టింది అక్క, ఇన్నాళ్ళూ చూడలేదా అని. తర్వాత ఫోన్ పెట్టేసి, "ఆయన నా జడే చూడరు," అంది.

చివరికి ఖాదర్ అన్నే దారి చెప్పాడు. "చెల్లెమ్మ చెప్పింది గదా, గోడకి ఆనిచ్చి పెడతారని. ఆనిచ్చేస్తే వెనక ఏముండాదో ఎవురికి తెల్సు? రెక్కలు గూడా అడ్డం వస్తాయి."

అందరూ నా వైపు చూశారు, ఇంత తెలివైన సంగతి చెప్పినందుకు. పుస్తకాలు చదవడం వల్ల ఒక మనిషికి విమానం దక్కిందని నేనూ కాస్త గర్వపడ్డాను.

అల్ ఐన్: తిరిగే పీఠం

అల్ ఐన్ దారి పొడుగునా ఎర్ర ఇసుక దిబ్బలు, ఊరు రాగానే ఖర్జూరపు తోటలు. ఆ తోటల్లో పనిచేసేవాళ్ళలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒకచోట ఆగి ఆవు దొరుకుతుందా అని ఖాదర్ అన్న అడిగాడు. ఒంటె ఉంది, మేక ఉంది అన్నారు. ఆచారి గారు ఒంటె వైపు కాసేపు చూసి వద్దన్నారు. చివరికి ఖాదర్ అన్న టీ కోసం పెట్టుకున్న పాలడబ్బా తీశాడు. దాని మీద ఆవు బొమ్మ ఉంది.

"దూడ గూడా ఉండాది చూడండి, పక్కన," అన్నాడు.

ఆచారి గారు కళ్ళద్దాలు పెట్టుకుని చూసి సరే అన్నారు.

శుక్రవారం పొద్దున చర్చి ఆవరణ మన తీర్థంలా ఉంది. అన్ని భాషలవాళ్ళూ ఒక పూజ అయ్యేదాకా బయట ఉండి ఇంకో పూజకి లోపలికి పోతున్నారు. రోజీ ఆంటీ పొట్టిగా, నల్ల ఫ్రాకులో ఉంది. ఆవిడ పక్కన కమిటీ తరఫున థామస్ గారు. ఆయన ఒక ఫర్నిచర్ షోరూమ్‌లో మేనేజర్. మమ్మల్ని హాల్లోకి తీసుకెళ్ళి చేత్తో చూపించాడు.

గోడ ఖాళీగా ఉంది. హాలు నట్టనడుమ గుండ్రటి పీఠం ఉంది. కింద నుంచి వైరు వచ్చి ప్లగ్గులో ఉంది.

"మా షోరూమ్‌లో సోఫాలు తిప్పి చూపించేది," అన్నాడు సంతోషంగా, ఇంగ్లీషులో. "పాతదైపోతే ఇచ్చేశారు. ఇంత ఖర్చు పెట్టి చేయించాక ఒక్క వైపే చూస్తే ఎలా? అందరికీ అన్ని వైపులా కనపడాలి."

ఆ పూట అక్క మొదటిసారి మాట్లాడలేదు. ఖాదర్ అన్న బండి తాళాలు జేబులో వేసుకుని మళ్ళీ తీశాడు. ఆచారి గారు మాత్రం ఏమీ జరగనట్టు ఉలి, అద్దం తీశారు. విగ్రహం పీఠం ఎక్కింది. రెక్కలు ఎక్కాయి, రాక్షసుడు కాళ్ళ కిందికి చేరాడు. జడ మీద తెల్ల గుడ్డ కప్పారు, కళ్ళు తెరిచేదాకా తీయకూడదని.

"ఏం చేస్తున్నారు?" అని అడిగాడు థామస్ గారు.

"ఫినిషింగ్," అంది అక్క.

నన్ను దేవదూత ఎదురుగా నిలబెట్టారు. ఒక చేతిలో అద్దం, ఇంకో చేతిలో పాలడబ్బా, ఆవు బొమ్మ ముందుకి తిప్పి. హాల్లో అంతమంది నన్ను చూస్తున్నారు. ఆచారి గారు నిచ్చెన ఎక్కి ఏదో గొణుక్కుంటూ సన్న ఉలితో గుడ్లు గీశారు. నల్లచుక్క పెట్టి పక్కకి తప్పుకున్నారు.

ఇది నమ్మమని అడగను. ఆ కళ్ళు నన్ను చూశాయి. అంత సూటిగా నన్నెవరూ ఎప్పుడూ చూడలేదు. నేను కూడా తల దించుకోలేదు.

థామస్ గారు గుడ్డ లాగేసి స్విచ్చి వేశాడు.

దేవదూత నెమ్మదిగా పక్కకి తిరిగాడు. ఎగిరే అంగీ వచ్చింది. డేగ రెక్క వచ్చింది. ఆ తర్వాత జడ వచ్చింది.

పీఠం మోటారు ఒక్కటే గుర్రుమంటోంది. జడ చాలా తీరిగ్గా అందరికీ కనపడి వెళ్ళింది. మళ్ళీ మొహం వచ్చింది. థామస్ గారి నోరు తెరుచుకునే ఉంది.

"ఇది... జడ?" అన్నాడు. "సెయింట్ మైకేల్‌కి జడ? ఇది తీసుకోలేం. వాపసు!"

ఆచారి గారికి ఇంగ్లీషు రాదు. అయినా అర్థమైంది. ఉలి నెమ్మదిగా గుడ్డలో చుట్టుకుంటున్నారు. ఆ చేతులు చూశాక నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"సర్," అన్నాను ఇంగ్లీషులో, చేతిలో పాలడబ్బాతోనే. "దేవదూతలు మగవాళ్ళు కారు, ఆడవాళ్ళూ కారు. మా సిస్టర్స్ బడిలో చెప్పారు. మీసం లేకపోవడం తప్పు కానప్పుడు జడ ఉండటం తప్పెలా అవుతుంది?"

ఆ దేశంలో మన భాష కానివాళ్ళతో నేను మాట్లాడిన మొదటి మాట అదే. థామస్ గారు జవాబు వెతుక్కునేలోపు వెనకనుంచి తెలుగు వినిపించింది.

"ఒసేయ్ సుజాతా, జడకుప్పెలే! సూడవే!"

"అచ్చం మా పెద్దమ్మాయి పెళ్ళికి పెట్టినట్టే ఉన్నాయండి, ఆయ్!"

రాజోలు వైపు ఆడవాళ్ళు. ఇళ్ళల్లో పనిచేస్తారు. శుక్రవారం ఒక్క పూటే వాళ్ళకి సెలవు. వాళ్ళు జడ వచ్చే వైపు గుమిగూడారు. మళ్ళీ తిరిగి ముందుకు వస్తే దాని వెంటే నడిచారు. వాళ్ళలో మరియమ్మ గారనే పెద్దావిడ తన కొప్పులోంచి మల్లెపూల దండ తీసి, జడ దగ్గరికి రాగానే టక్కున తురిమేసింది. తర్వాతి చుట్టుకి సంత మైకేలు పూలతో వచ్చాడు.

రోజీ ఆంటీ ఇదంతా చూస్తోంది. ఆవిడ మొహంలో ఏముందో నాకు తెలియలేదు. నా దగ్గరికి వచ్చి హిందీలో అడిగింది. "ఈ జుట్టు ఎవరిదో అడుగు."

అడిగాను. ఆచారి గారు ఉలి చుట్టిన గుడ్డని పక్కన పెట్టారు.

"ఫోటోలో వెనక లేదు కదమ్మా. వెనక నుంచి నాకు బాగా తెలిసిన మనిషి ఒకతే. మా యామె. పెండ్లయినాక తిరపతి కొండకి నడిచిపోతిమి. ఆమె ముందర, నేను వెనక. మెట్లన్నీ ఆ జడ చూసుకుంటానే ఎక్కినా. అదే చెక్కినా. నడినెత్తిన బిళ్ళ ఉన్నిందో లేదో గుర్తు రాలే. నాలుగేండ్లాయె గదా. అందుకని ఆడ నున్నగా వదిలేసినా."

అంతా హిందీలో చెప్పాను. బిళ్ళ దగ్గర హిందీ మాట తెలియక నా తల మీద వేలు పెట్టి చూపించాను. రోజీ ఆంటీ నిచ్చెన దగ్గరికి వెళ్ళి, విగ్రహం తల వెనక ఆ నున్నటి చోటుని మెడ ఎత్తి చూసింది. పీఠంతో పాటు ఒక చుట్టు తిరిగింది కూడా.

"మా ఆయన చొక్కాకి జేబు ఎటు వైపు ఉండేదో నాకిప్పుడు గుర్తు రావడం లేదు," అంది. "ఇతన్ని ఇంటికి వెళ్ళి చూసి రమ్మను. బిళ్ళ ఉంటే వచ్చి చెక్కమను."

థామస్ గారి వైపు తిరిగింది. "ముదీర్‌కి ఫోన్ చెయ్యి. సరుకు బాగుందని చెప్పు."

"మరి తిరగడం ఆపేద్దామా మేడమ్?"

"ఎందుకు? తిరగకపోతే వాళ్ళకి జడ ఎలా కనపడుతుంది?"

"యల్లా, యల్లా, పదండి," అన్నాడు ఖాదర్ అన్న, ఆవిడ మనసు మార్చుకునేలోపు నిచ్చెన సర్దేస్తూ.

భీమవరం: ఫోటో

నేను వచ్చేశాక అక్క ఫోన్‌లో మిగతాది చెప్పింది. ఆచారి గారు శనివారం విమానం ఎక్కారు. మాధవమాల చేరి తలుపు కొట్టారు. తీసిన ఆవిడకి నున్నటి గుండు. ఆయనకి సెలవు దొరికితే తలనీలాలు ఇస్తానని మొక్కుకుందట. టికెట్టు తీశారని తెలియగానే ఆగలేక, ఆయన రాకముందే తిరపతి వెళ్ళి ఇచ్చేసి వచ్చింది.

బిళ్ళ ఉండేదా లేదా అని అడిగితే ఆవిడకీ గుర్తు లేదట. ఇద్దరూ కూర్చుని చాలాసేపు వాదించుకున్నారట. చివరికి ఆవిడ తన జడ ఎలా ఉండేదో చూడాలి, ఫోటో తెప్పించమని పట్టుబట్టింది. బావ ఖాదర్ అన్నకి చెప్పాడు. ఆయన ఒక శుక్రవారం అల్ ఐన్ వెళ్ళి, మరియమ్మ గారు కొత్త పూలు పెట్టేదాకా ఉండి, పీఠం ఆపించి మరీ ఫోటో తీసి పంపాడు.

ముందువైపు తియ్యడం మరిచిపోయాడు.